పాఠకుల ప్రశ్నలు, జవాబులు: శాతం సరే, దేంట్లో శాతం?

కిందటి సంచికలో కాలిఫోర్నియా కరువు గురించి రెండు ముక్కలు రాశానో లేదో, ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ వరసపెట్టి వచ్చాయి. విశాఖలో ఏ అపార్ట్‌మెంట్ తలుపు తట్టినా శాక్రమెంటోలోనో శాన్‌హోజేలోనో పిల్లలున్న ఇల్లు ఒకటైనా తగులుతుంది కాబట్టి ఇందులో వింతేమీ లేదు. ఒకే సంగతి అడిగినవాళ్లవి కలిపేశాను. తిట్టినవాళ్లవి కూడా ఒకటి వేశాను.

ప్రశ్న: 2023 జనవరిలో శాక్రమెంటో దగ్గర మా అబ్బాయి వాళ్ల కాలనీలో చెట్లు కూలాయి, కరెంటు పోయింది, రోడ్ల నిండా నీళ్లు. వీడియో కాల్‌లో అవన్నీ చూసి నాకు ఒకటే టెన్షన్. అదే వారం వాడు "ఇంకా కరువే అమ్మా, లాన్‌కి నీళ్లు తగ్గించమంటున్నారు" అన్నాడు. వరదా కరువూ ఒక్కసారే ఎలా ఉంటాయి? వాడు నన్ను ఆటపట్టిస్తున్నాడేమో అని ఇప్పటికీ అనుమానం.
(ఒక తల్లి, మధురవాడ)

జవాబు: లేదమ్మా, అబ్బాయి ఉన్నదే చెప్పాడు. 2023 జనవరి 4న గవర్నర్ గావిన్ న్యూసమ్ తుపాన్ల కోసం ఎమర్జెన్సీ ప్రకటించారు. 2021లో పెట్టిన కరువు ఎమర్జెన్సీ అప్పటికి ఇంకా అమల్లోనే ఉంది. అంటే ప్రభుత్వ కాగితాల్లో కూడా రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

ఎందుకలా అంటే, అక్కడ కరువు ఒక సీజన్‌లో వచ్చింది కాదు. 2020, 21, 22 కలిపి చూస్తే, రికార్డులు రాయడం మొదలయ్యాక అంత తక్కువ వానపడ్డ మూడేళ్లు వరసగా ఆ రాష్ట్రం చూడలేదు. ఒరవిల్ అని వాళ్లకో పెద్ద డ్యామ్ ఉంది, 2021 ఆగస్టులో దాంట్లో నీటిమట్టం ఎంత పడిపోయిందంటే, 1960ల్లో కట్టిన దగ్గర్నుంచి ఎప్పుడూ ఆగని జలవిద్యుత్ కేంద్రాన్ని నీళ్లు చాలక ఆపేయాల్సి వచ్చింది. అంత అడుగంటిన చోటికి 2022 డిసెంబరు చివరి వారం నుంచి జనవరి మధ్య దాకా మూడు వారాల్లో తొమ్మిది తుపాన్లు వచ్చిపడ్డాయి. మన బంగాళాఖాతం తుపాన్లలా గిర్రున తిరుగుతూ వచ్చేవి కావవి. పసిఫిక్ మీదుగా, ఒక్కోసారి హవాయి వైపు నుంచి, వేల కిలోమీటర్ల పొడవున తేమ పట్టీలా సాగి వస్తుంది. అట్మాస్ఫెరిక్ రివర్ అంటారు. ఆ పట్టీ తూర్పున సియెర్రా నెవాడా కొండలకి కొట్టుకుని పైకి లేచి చల్లబడుతుంది, కింద లోయలో వానగా, పైన మంచుగా కురుస్తుంది.

అసలు సంగతి ఆ పైన కురిసే దాంట్లోనే ఉంది. మనకి జూన్‌లో వాన, జూన్‌లోనే నాట్లు. వాళ్లకి వానాకాలం నవంబరు నుంచి మార్చి దాకా, నీళ్లు కావాల్సింది మాత్రం మే నుంచి సెప్టెంబరు దాకా, ఆ నెలల్లో చుక్క పడదు. ఈ రెంటి మధ్య ఉన్న నెలల్ని దాటించేది డ్యాములూ, కొండమీద గడ్డకట్టి కూర్చున్న మంచూ. రాష్ట్రం వాడుకునే నీళ్లలో 30 శాతం దాకా ఆ మంచు నుంచే వస్తుంది. మీ అబ్బాయి వీధిలో నిలిచిన నీళ్లు రెండ్రోజుల్లో వాగులో పడి సముద్రానికి పోయాయి, వాటివల్ల ఎవరి కరువూ తీరలేదు. ఒరవిల్ డిసెంబరులో 30 శాతం చుట్టుపక్కల ఉంది, జూన్‌లో గానీ నిండలేదు. వీడియో కాల్‌లో మీరు చూసిన వరదకీ డ్యామ్ నిండడానికీ మధ్య దగ్గర దగ్గర ఐదు నెలలు. ఈలోగా మార్చి 24న, నీళ్ల వాడకం 15 శాతం తగ్గించుకోమని జనానికి అంతకుముందు చేసిన విజ్ఞప్తిని గవర్నర్ వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత మీ వాడు లాన్‌కి కాస్త ధారాళంగానే పెట్టి ఉంటాడు, అడిగి చూడండి.

ప్రశ్న: గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. స్నోప్యాక్ అంటే ఏమిటో పుస్తకంలో ఒక్క లైనుంది. మంచులో ఎన్ని నీళ్లున్నాయో ఎలా లెక్కగడతారు? స్కేలు పెట్టి కొలుస్తారా?
(అక్కయ్యపాలెం)

జవాబు: స్కేలు పెడతారు, కానీ దాంతో సరిపెట్టరు. శీతాకాలమంతా కొండమీద కురిసి, కరగకుండా ఒకదానిమీద ఒకటి పేరుకున్న మంచు మొత్తాన్ని స్నోప్యాక్ అంటారు. దాని మందం ఒక లెక్క, దాంట్లోని నీరు ఇంకో లెక్క. మరమరాల బస్తా, బియ్యం బస్తా పక్కపక్కన ఒకే ఎత్తున నిలబెట్టొచ్చు, ఎత్తి చూస్తే గానీ తేడా తెలీదు. అప్పుడే కురిసిన మంచు పది అంగుళాలు కరిగిస్తే సుమారు ఒక అంగుళం నీరొస్తుంది. అదే మంచు రెండు మూడు నెలలు అణిగి, మధ్యలో కాస్త కరిగి మళ్లీ గడ్డకట్టి, ఏప్రిల్‌కొచ్చేసరికి పది అంగుళాలకి నాలుగు, నాలుగున్నర అంగుళాల నీరు పట్టుకుని ఉంటుంది.

అందుకని తూకం వేస్తారు. అంచున పళ్లున్న అల్యూమినియం గొట్టాన్ని మంచులో నేల తగిలేదాకా దింపి, లోపలి మంచుతో సహా పైకి తీసి, చేతి త్రాసుకి తగిలిస్తారు. త్రాసు మీద నేరుగా నీటి అంగుళాలే కనబడతాయి. ఈ పద్ధతికి ఆద్యుడు నెవాడా యూనివర్సిటీ ప్రొఫెసర్ జేమ్స్ చర్చ్, 20వ శతాబ్దం మొదట్లో మౌంట్ రోజ్ అనే కొండమీద మొదలుపెట్టాడు. ఆయన పాఠాలు చెప్పింది లాటిన్, గ్రీకు లాంటివి, ఈ మంచు పని ఆయన సరదా. ఇప్పుడు దానికి తోడు గడ్డకట్టని ద్రవం నింపిన పరుపుల్లాంటివి కొండలమీద పరిచి ఉంచారు, మీద ఎంత బరువు పడుతోందో అవే ఆఫీసుకి పంపుతాయి. విమానంలోంచి లేజర్‌తో కొలిచేవాళ్లూ ఉన్నారు. అయినా సరే, నెలకోసారి టీవీవాళ్లని వెంటేసుకుని ఫిలిప్స్ స్టేషన్ అనే చోట గొట్టం దింపడం మానలేదు. అది చూడ్డానికి బాగుంటుంది, జనానికి అర్థమవుతుంది.

పరీక్షకి పనికొచ్చే అంకెలు కావాలా? 2023 ఏప్రిల్ 3న ఆ ఫిలిప్స్ స్టేషన్ దగ్గర మంచు మందం 126.5 అంగుళాలు, దాంట్లో నీరు 54 అంగుళాలు. మన లెక్కలో 137 సెంటీమీటర్లు. విశాఖలో ఏడాది పొడుగునా పడే వాన కన్నా అక్కడ ఒక్క చోట నిలబడున్న నీరే ఎక్కువన్నమాట. అదే చోట 2015 ఏప్రిల్ 1న అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఎండుగడ్డి మీద నిలబడి, పట్టణాలు నీటి వాడకం 25 శాతం తగ్గించాల్సిందేనని ఉత్తర్వు ప్రకటించారు. ఆ రోజు రాష్ట్రం మొత్తం మీద మంచు సగటులో 5 శాతం.

ప్రశ్న: నేను రిటైరైనవాణ్ణి, రోజూ ఫోన్లో అమెరికా వార్తలు చూస్తాను, మా అల్లుడు అక్కడే. ఒకడు డ్యామ్ 55 శాతం అంటాడు, ఇంకొకడు అదే డ్యామ్ 100 శాతం అంటాడు, మూడోవాడు మంచు 174 శాతం అంటాడు. ఇందులో అబద్ధం చెప్పేదెవరు?
(గాజువాక)

జవాబు: ఎవరూ కాదు మాస్టారూ, ముగ్గురూ నిజమే చెబుతున్నారు, దేంట్లో శాతమో మాత్రం చెప్పడం లేదు. నాకొచ్చిన ఉత్తరాలన్నిట్లో అందరూ చదవాల్సింది మీదే.

డ్యామ్‌కి రెండు శాతాలుంటాయి. డ్యామ్ పట్టగల నీళ్లలో ఇప్పుడెంత ఉన్నాయనేది మొదటిది. ఏటా ఇదే తేదీకి సగటున ఉండేదాంతో పోలిస్తే ఎంత అనేది రెండోది. 2023 జనవరి మధ్యలో ఒరవిల్ తన సామర్థ్యంలో సగం దాటి ఉంది, ఆ తేదీ సగటుతో చూస్తే మాత్రం ఇంచుమించు 100 శాతం. జనవరిలో డ్యాములు సగం ఖాళీగా ఉండడం అక్కడ మామూలే కాబట్టి రెండూ ఒప్పే.

మంచు దగ్గర తిరకాసు ఇంకా ఎక్కువ. "ఈ తేదీ సగటులో ఇంత" అని ఒకటి, "ఏప్రిల్ 1 సగటులో ఇంత" అని ఒకటి. ఏటా ఏప్రిల్ 1 చుట్టూ మంచు గరిష్ఠంగా ఉంటుంది, అక్కణ్ణుంచి కరగడమే. కాబట్టి పనికొచ్చే తూకం ఏప్రిల్ 1ది. జనవరి మొదటి వారంలో సగటే చిన్న అంకె, దాని మీద ఎంత శాతం చెప్పినా గొప్పగానే వినబడుతుంది. 2021 డిసెంబరులో సియెర్రాలో మంచు రికార్డులు బద్దలయ్యాయి, డిసెంబరు 30న రాష్ట్రం మొత్తం మీద ఆ తేదీ సగటులో 160 శాతం. కరువు పోయిందని సంబరాలు చేసుకున్నారు. తర్వాత జనవరి, ఫిబ్రవరి, మార్చి మూడు నెలలూ ఎండగొట్టేశాయి, అంత ఎండిపోయిన మొదటి మూడు నెలలు వాళ్ల రికార్డుల్లోనే లేవు. ఏప్రిల్ 1, 2022న తూకం వేస్తే 38 శాతం. మరుసటేడు 2023 జనవరి 3న చూస్తే 174 శాతం, కిందటేడాది అంకెకీ దీనికీ పెద్ద తేడా లేదు. ఈసారి తుపాన్లు ఆగలేదు, ఏప్రిల్‌కి 237 శాతం. ఏడాది మొదట్లో ఇంచుమించు ఒకే అంకె, ఒకసారి కరువు ముదిరింది, ఇంకోసారి డ్యాములు పొర్లాయి. జనవరిలో వచ్చే శాతాన్ని పట్టుకుని ఎవరైనా జోస్యం చెబితే, ఏ ఛానెల్ అయినా సరే, మీరు నవ్వేసి టీ తాగండి.

ఇది చాలదన్నట్టు, ఏప్రిల్‌లో ఉన్న మంచంతా డ్యామ్‌లోకి దిగుతుందని కూడా లేదు. 2021 ఏప్రిల్‌లో సగటులో 60 శాతం దగ్గర మంచుంది, ఇంజినీర్లు దాని ప్రకారం లెక్కలు వేసుకున్నారు, తీరా కరిగాక డ్యాముల్లోకి వచ్చింది ఆ లెక్కకి చాలా దూరంలో ఆగిపోయింది. అంతకుముందు ఏడాది కూడా ఎండిపోయి ఉంది కాబట్టి కరిగిన నీళ్లని ముందు నేల తాగేసింది, మిగిలిందాంట్లో కొంత ఎండకి ఆవిరైపోయింది. ఈ దెబ్బతో అంచనాలు వేసే పద్ధతినే మార్చుకోవాల్సి వచ్చింది.

మీ అల్లుడిగారితో మాట్లాడేటప్పుడు ఇకమీదట "ఎంత శాతం" అని అడక్కండి, "ఏప్రిల్ 1 సగటులో ఎంత" అని అడగండి. ఆయన ఒక్క క్షణం ఆగుతారు.

ప్రశ్న: మన లంబసింగిలో కూడా మంచు పడుతుంది కదా. అది కరిగితే మన గెడ్డల్లోకి నీళ్లు రావా?
(తొమ్మిదో తరగతి విద్యార్థి, పెందుర్తి)

జవాబు: రావు బాబూ. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున నువ్వు చూసేది పొగమంచు, బాగా చలేసిన రోజున గడ్డిమీద గడ్డకట్టిన తేమ. ఎండ పొడిచేసరికి మాయం. నీళ్లు రావాలంటే నెలల తరబడి కురిసి, కరగకుండా నిలబడాలి. మన గెడ్డలన్నీ వాన మీద బతికేవే.

ప్రశ్న: అంత కరువులో ఉండి కూడా తుపాను రాగానే డ్యాముల గేట్లు ఎత్తి నీళ్లు సముద్రం పాలు చేస్తున్నారని చదివాను. మన ధవళేశ్వరం దగ్గరా ఏటా ఇదే గోల. చదువుకున్న దేశం, వాళ్లకైనా బుద్ధి ఉండొద్దా?
(సీతమ్మధార)

జవాబు: ఇలా అడిగేవాళ్లు మనకన్నా అక్కడే ఎక్కువ, ట్రాక్టర్ల మీద బోర్డులు కూడా కట్టుకుని తిరుగుతారు. శీతాకాలంలో వాళ్ల డ్యాములు కావాలనే కొంత ఖాళీ ఉంచాలి, మన ఇరిగేషన్‌వాళ్లు ఫ్లడ్ కుషన్ అంటారే అది. ఏ నెలలో ఎంత ఖాళీ ఉండాలో ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్, అంటే అక్కడి సైన్యంలోని ఇంజినీర్ల విభాగం, రాసిపెట్టిన రూల్ ఉంటుంది. ఇప్పుడు నింపేసుకుంటే రేపొచ్చే తుపానుకి చోటుండదు, ఇప్పుడు వదిలేస్తే రేపు తుపాను రాకపోవచ్చు. గేటు దగ్గర నిలబడ్డ ఇంజినీరు ఎటు చేసినా ఎవరో ఒకరు తిట్టేదే.

చోటు లేకపోతే ఏమవుతుందో 2017 ఫిబ్రవరిలో ఒరవిల్ దగ్గరే చూశారు. ఐదేళ్ల కరువు తర్వాత ఒక్కసారిగా వానలు, డ్యామ్ నిండింది, నీళ్లు వదిలే స్పిల్‌వే కాంక్రీటు పగిలి గొయ్యి పడింది. పక్కనున్న అత్యవసర స్పిల్‌వే మీదుగా నీళ్లు పొర్లితే కింద మట్టి కోసుకుపోవడం మొదలైంది. అది ఎక్కడ కూలుతుందోనని 1,88,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. అంతకు రెండేళ్ల కిందటే ఆ డ్యామ్‌లో నీళ్లు లేవని ఏడ్చిన జనం వాళ్లు. మన దగ్గర 2021 సెప్టెంబరులో గులాబ్ తుపానుకి మేఘాద్రిగెడ్డ గేట్లు ఎత్తినప్పుడు దిగువ కాలనీలవాళ్లు ఎంత కంగారుపడ్డారో మీకు గుర్తుండే ఉంటుంది. అది చిన్న రిజర్వాయరు. ఒరవిల్ 150 టీఎంసీల పైమాట.

ఇప్పుడు కొత్తగా చేస్తున్న పని ఒకటుంది. ఉత్తర కాలిఫోర్నియాలోని రష్యన్ నది మీద లేక్ మెండసీనో అనే డ్యామ్‌లో, తుపాను ఎప్పుడొస్తుందో ఎంత తెస్తుందో ముందస్తు అంచనా చూసుకుని, దగ్గర్లో ఏమీ లేదంటే నీళ్లు అట్టే పెట్టుకుంటున్నారు, వస్తోందంటే ముందే వదులుతున్నారు. నా మట్టుకు, కొత్త డ్యామ్ కట్టడం కన్నా ఇలా ఉన్నదాన్ని తెలివిగా నడుపుకోవడమే ఎక్కువ లాభం. సముద్రం పాలు అనే మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. శాక్రమెంటో, శాన్ వాకీన్ నదులు కలిసే డెల్టాలోకి మంచినీళ్లు దిగకపోతే అటునుంచి ఉప్పునీరు ఎక్కి వస్తుంది. లక్షల మంది తాగే నీళ్లు, పొలాలకి పోయే నీళ్లు అక్కడి పంపుల్లోంచే తోడాలి. కాబట్టి కొన్ని నీళ్లు సముద్రానికి పోవాల్సిందే. కోనసీమలో, దివిసీమలో చేలు ఉప్పెక్కడం చూసిన రైతుకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ప్రశ్న: డ్యాములు నిండితే అక్కడి బోర్లలోకి కూడా నీళ్లు వచ్చేసినట్టేనా? మాకు రెండేళ్లు మంచి వానలు పడితే బోరు కాస్త తేరుకుంటుంది.
(రైతు, అనకాపల్లి దగ్గర)

జవాబు: రాదండీ. మీ బోరు తేరుకోవడానికి రెండేళ్లు పడుతోందని మీరే అంటున్నారు, వాళ్లది ఇంకా లోతు వ్యవహారం. శాన్ వాకీన్ లోయలో, అంటే మనం కిరాణా కొట్లో కొనే కాలిఫోర్నియా బాదంపప్పు పండే చోట, డ్యామ్ నీళ్లు రాని ఏడాదల్లా రైతులు భూగర్భజలం తోడుకుంటారు. బాదం చెట్టు వరిచేను కాదు కదా, ఈ ఏడాదికి మానేద్దామంటే కుదరదు, నీళ్లు లేకపోతే చెట్టే పోతుంది. అలా తోడితోడి నేల కుంగిపోయింది. మెండోటా అనే ఊరి దగ్గర 1925 నుంచి 1977 లోపల నేల దాదాపు 9 మీటర్లు దిగింది. ఒక కరెంటు స్తంభానికి పాత నేలమట్టం ఎక్కడుండేదో బోర్డులు కట్టి తీసిన ఫొటో ఉంది, స్తంభం పక్కన నిలబడ్డ మనిషికి చాలా పైన కనబడుతుంది 1925 బోర్డు. కింద బంకమట్టి పొరలు నీళ్లు పోయాక నొక్కుకుపోతే, మళ్లీ ఎన్ని వానలు పడ్డా పాత చోటు తిరిగి రాదు.

2014లో భూగర్భజలాల మీద చట్టం తెచ్చారు, 2040ల కల్లా తోడే నీళ్లూ నేలలోకి ఇంకే నీళ్లూ సరిపోవాలని గడువు. 2023లో వరద నీళ్లని ఖాళీ పొలాల్లోకి మళ్లించి ఇంకించడానికి అనుమతులు తేలిక చేశారు. మీ దగ్గర చెరువు నిండితే దాని కింద బావులు ఊరతాయని మీ తాతగారికి తెలిసిన పనే అది. టీవీలో డ్యామ్ నిండిన బొమ్మ వేస్తారు గానీ నేల కింద సంగతి ఏ కెమెరాకీ దొరకదు, అందుకే కరువు పోయిందనే మాట అంత సులువుగా వచ్చేస్తుంది.

ప్రశ్న: ఊళ్లో మాకు కుళాయి ఎప్పుడొస్తుందో తెలీదు, మీరు అమెరికా మంచు గురించి పేజీలు పేజీలు రాస్తున్నారు. సిగ్గుండాలి.
(పేరు రాయలేదు)

జవాబు: కోపం సమంజసమే. రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ, ఇవి కాక అక్కడెక్కడో ఏలేరు నుంచి 150 కిలోమీటర్ల పైచిలుకు కాలువ, విశాఖ కుళాయిలూ ఫ్యాక్టరీలూ నడిచేది వీటిమీద. కొండమీద మంచు లేదు కాబట్టి మనకి అక్టోబరు దాటాక కొత్తగా చేరేది తక్కువ, ఉన్నదే జూన్ దాకా లాగాలి. ఆ లెక్క వచ్చే సంచికలో రాస్తాను. ఈలోగా ఒక్క సంగతి: పేపర్లో రిజర్వాయరు మట్టం అడుగుల్లోనో మీటర్లలోనో వేస్తే నమ్మి కూర్చోకండి, ఎన్ని నీళ్లున్నాయో చూడండి. ఎందుకో కింది జవాబులో ఉంది.

ప్రశ్న: మా అమ్మాయి లాస్ వేగస్‌లో ఉంటుంది. కాలిఫోర్నియాలో అంత మంచు పడిందంటే వాళ్లకి నీళ్లిచ్చే లేక్ మీడ్ రిజర్వాయరు కూడా నిండినట్టేనా? పూర్తిమట్టం 1,229 అడుగులు అంటారు, 2022లో 1,040కి పడింది అన్నారు, 189 అడుగులే కదా తగ్గింది, దానికంత గోలెందుకు?
(ఎం.వి.పి. కాలనీ)

జవాబు: ఆ అడుగులు సముద్రమట్టం నుంచి లెక్కేసినవండీ, డ్యామ్ అడుగు నుంచి కాదు. పైగా రిజర్వాయరు పైకిపోయేకొద్దీ విశాలమవుతుంది, పై అడుగుల్లోనే నీళ్లెక్కువ. మన శ్రీశైలం చూడండి, 885 అడుగుల దగ్గర 215 టీఎంసీలు, 854 దగ్గర 90 టీఎంసీల లోపే. తగ్గింది 31 అడుగులు, పోయింది సగం కన్నా ఎక్కువ నీరు. మీడ్ కూడా అంతే, 2022 జులైలో 1,040 అడుగులకి వచ్చినప్పుడు దాంట్లో మిగిలింది సామర్థ్యంలో నాలుగో వంతు చిల్లర. 1930ల్లో హూవర్ డ్యామ్ కట్టి నింపిన తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు.

సియెర్రా మంచుకీ మీడ్‌కీ నేరుగా సంబంధం లేదు. మీడ్ ఉన్నది కొలరాడో నది మీద, దాని మంచు రాకీ పర్వతాల్లో పడాలి, కరిగి ముందు ఎగువనున్న లేక్ పావెల్ రిజర్వాయరులోకి రావాలి, అక్కడ వదిలితే మీడ్‌లోకి. ఆ నీళ్లని ఏడు రాష్ట్రాలూ మెక్సికో పంచుకుంటాయి, రాష్ట్రాల వాటాలకి మూలం 1922 ఒప్పందం. నది ఏటా ఇస్తుందనుకుని అప్పుడు రాసుకున్నంత నీరు నదిలో లేదు, కృష్ణా పంపకాల గొడవలు చూసినవాళ్లకి ఆ మిగతా కథ చెప్పక్కర్లేదు. 2023లో రాకీల్లో కూడా మంచు బాగా పడి మీడ్ కొంత లేచింది, నిండడం మాత్రం ఎక్కడో దూరాన ఉంది. ఒక్క మంచి ఏడాదికి నిండే డ్యామ్ కాదది, శ్రీశైలాలు ఐదు పడతాయి దాంట్లో.

మీ అమ్మాయి గురించి బెంగ పెట్టుకోకండి. వేగస్ వాళ్లు నీళ్లలో 90 శాతం మీడ్ నుంచే తెచ్చుకుంటారు, అయితే ఇంట్లో వాడిన నీళ్లు, స్నానానివీ అంట్లవీ అన్నీ, శుద్ధిచేసి దాదాపు మొత్తం మళ్లీ మీడ్‌కే పంపిస్తారు. నదిలో వాళ్ల వాటాలో దాన్ని జమ కడతారు. తిరిగి రాకుండా పోయేది ఎక్కువగా ఆరుబయట గడ్డికీ మొక్కలకీ పెట్టిందే, అందుకే ఉత్త అందం కోసం రోడ్ల పక్కన వేసిన గడ్డిని తీసేయాలని నెవాడా 2021లో చట్టం చేసింది. అమ్మాయి లాన్ ఉన్న ఇల్లు కొందామనుకుంటుంటే మాత్రం వద్దని చెప్పండి. మట్టం సంగతి తెలుసుకోవాలంటే జనవరిలో కాకుండా జులైలో ఫోన్ చేసి అడగండి, రాకీల మంచు కరిగి పావెల్‌కి చేరేది అప్పటికే.